‘ఫ్రాలిక్’ అను మాటకు తెలుగు

అనువాదకుని నిద్ర చెరచునవి పెద్ద మాటలని లోకమనుకొనును. అది నిజము కాదు. తత్త్వశాస్త్ర పరిభాషకు సంస్కృతము అండగా నున్నది. యంత్రముల పేర్లను ఉన్నవి ఉన్నట్లు తెచ్చుకొన్నను అడుగువారు లేరు. చిక్కు తెచ్చునవి చిన్న మాటలు. అందులోను పసిపిల్లల చుట్టును, లేగదూడల చుట్టును తిరుగు మాటలు. ఆంగ్లమున ‘ఫ్రాలిక్’ అట్టిది. సంతోషము పట్టలేక ఎగురుట, దుముకుట, ఒకరినొకరు తరుముకొనుట, నవ్వుట, ఇవన్నియు కలిసిన చేష్టకు అది పేరు. దానికి నియమము లేదు, గెలుపోటములు లేవు. క్రికెట్టు ఫ్రాలిక్ కాదు. క్రికెట్టు ముగిసిన పిదప బాలురు మైదానమున అడ్డదిడ్డముగా పరుగెత్తుట ఫ్రాలిక్.

యౌవనమున నేనొక ఆంగ్ల బాలకథను తెనిగించితిని. అందు పచ్చికపై గొర్రెపిల్లలు ఫ్రాలిక్ చేయుచున్నవని యున్నది. నేను ‘గొర్రెపిల్లలు కేళీవిలాసములు సలుపుచుండెను’ అని వ్రాసి, ఎంతయో సంతృప్తి పడితిని. అప్పుడు ఎవరును నవ్వలేదు. ఇప్పుడు నేను నవ్వుచున్నాను. ‘చెంగనాలు వేయుచుండెను’ అనుటకు నాకు మా అమ్మమ్మ పెరటిలోని దూడ చాలియుండెడిది, కాని ఎం.ఏ. పట్టా ఆ దూడను మరపించినది.

ఆ తప్పును నేను చాలకాలము తప్పుగా ఎంచలేదు. ఎంచవలసిన రోజు హథ్‌ఖోజ్‌లో వచ్చినది. నేను నివసించునది ఇచ్చటనే, భిలాయి ఉక్కు కర్మాగారమునకు చేరువ, దుర్గ్ జిల్లాలో, ఇనుప కార్ఖానాల నడుమ. 1955లో సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరిలో భిలాయి మొదటి బ్లాస్టు ఫర్నేసుకు ప్రారంభోత్సవము జరిగినది. ఆ కాలమునుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు ఈ వైపునకు పనికి వచ్చుచునే యున్నారు. వారికి ఆంగ్లమున ఉత్తరము వచ్చినచో చదివి చెప్పుట నావంటివారి పని.

అట్లే ఒక సాయంకాలము శ్రీకాకుళపు పల్లెనుండి వచ్చిన ఒక పెద్దాయన ఒక లేఖ తెచ్చెను. ఆయన కుమారుడు ఒక కార్ఖానాలో కూలి. భోజన విరామమున ఖాళీ ట్రాలీపైకి గెంతగా అది కదలి, కాలు నలిగినది. పరిహారము అడిగిరి. కార్ఖానా పక్షమున వచ్చిన సమాధానములో, ఆ దెబ్బ ఉద్యోగకార్యమున తగిలినది కాదు, ‘ఫ్రాలిక్’లో తగిలినది, కావున బాధ్యత మాది కాదు అని యున్నది.

“భోజనవేళ ఆటలాడుచు దెబ్బ తగిలించుకొన్నాడని వ్రాసినారు” అంటిని.

ఆయన ముఖము మారినది. “ఆటేటి బాబూ? ఆడేటి సిన్నపిల్లోడా ఆడుకోడానికి? జీతం పెరుగుతాదని అప్పుడే తెలిసింది. సంతోసం ఆపుకోనేక గెంతీసినాడు. అంతే గదా!” అనెను.

ఆ రాత్రి నిఘంటువులు తిరుగవేసితిని. ఆ పెద్దాయన, చదువు రాని మనిషి, ఆ మాట యొక్క పుట్టుకను ఒక్క వాక్యమున చెప్పివేసినాడని తెలిసినది.

‘ఫ్రాలిక్’ ఆంగ్లమున పుట్టినది కాదు. అది డచ్చివారి ‘వ్రోలిక్’. ‘వ్రో’ యనగా సంతోషము గలది. ‘లిక్’ యనగా వంటిది. జర్మనుల ‘ఫ్రోలిష్’ దీనికి తోబుట్టువు. 16వ శతాబ్దపు పూర్వార్ధమున ఈ మాట ఆంగ్లములోనికి వచ్చినప్పుడు విశేషణముగా వచ్చినది: సంతుష్టమైన, ఉల్లాసముగా నున్న, అని మాత్రమే అర్థము. ఆ శతాబ్దము ముగియులోపల క్రియ యైనది, మరుసటి శతాబ్దపు ఆరంభమున నామవాచకమైనది. షేక్‌స్పియరు కాలమునకు రెండు రూపములును వాడుకలో నున్నవి. ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ చివర పక్ తన గంధర్వగణము ఉల్లాసముగా నున్నదని చెప్పుటకు దీనిని విశేషణముగా వాడును. ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’లో పెట్రూచియో భార్యతో చెప్పు మాటలో ఇది క్రియ. అనగా మొదట ఇది మనస్సు యొక్క స్థితి; తరువాత శరీరము యొక్క చేష్ట; ఆ పిమ్మట ఆ చేష్టకు పేరు. ఇంకను తరువాత ‘చిలిపితనము’, ‘కొంటెపని’ అను నీడలు దానిపై పడినవి. లోపల పుట్టిన సంతోషము వెలుపలికి గెంతినది. గెంతగనే చూచువారు తీర్పు చెప్ప మొదలిడిరి.

దాని సాటి మాటలు ఇట్టివి కావు. ‘గాంబొల్’ ఇటాలియను ‘గాంబా’, అనగా కాలు అను మాటనుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. ‘కేపర్’ మేకనుండి వచ్చినది. లాటినున ‘కాపెర్’ మేకపోతు, ‘కాప్రియోల్’ మేకవలె దుముకుట. ‘రాంప్’ ప్రాకుట, పైకెక్కుట అను ఫ్రెంచి మాటకు మనుమరాలు. ఇవన్నియు కాళ్లతో పుట్టిన మాటలు. ఫ్రాలిక్ ఒక్కటి గుండెతో పుట్టినది. ఈ భేదము తెలియనిచో అనువాదకునకు నాలుగు మాటలును ఒక్కటే యగును, నాలుగింటికిని ‘గంతులు వేయు’ అని వ్రాసి ముందుకు పోవును.

జర్మనుల తోబుట్టువు మాత్రము గంభీరముగనే మిగిలినది. నీచే 1882లో ప్రకటించిన గ్రంథము పేరున ఉన్న విశేషణము ఇదే. 1910లో వెలువడిన ఆంగ్లానువాదము దానికి ‘జాయ్‌ఫుల్ విజ్‌డమ్’ అని పేరు పెట్టినది. ఫ్రాలిక్ అనుటకు సాహసింపలేదు. ఒకే తల్లి బిడ్డలలో ఒకడు పండితుడైనాడు, ఒకడు వీధిలో గెంతుచున్నాడు.

డచ్చివారు మనకు పరాయివారు కారు. 1605లోనే మచిలీపట్టణమున దిగిరి. భీమునిపట్టణమున వారి సమాధులు నేటికిని ఉన్నవి. వారు ఆంగ్లేయులకు ‘ఫ్రాలిక్’ ఇచ్చిరి. మనకేమి ఇచ్చిరని విచారింపగా ‘కక్కూసు’ ఇచ్చిరని చెప్పుదురు. ఇచ్చిపుచ్చుకొనుటలో అదృష్టము అందరికిని సమానముగా నుండదు.

ఇక తెలుగు సంగతి. ఆ పెద్దాయన ‘ఆట’ అను మాటను ఎందుకు త్రోసివేసెనో ఆలోచింపవలెను. మన ‘ఆడు’ ధాతువు మిక్కిలి విశాలమైనది. నీరాడుట, మాటాడుట, పోరాడుట, కొనియాడుట, ఊగులాడుట, అన్నియు దాని సంతానమే. వీధి భాగవతులు రాత్రి ప్రదర్శించునదియు ‘ఆట’యే. కాని ఒంటరిగా నిలిచినప్పుడు ‘ఆట’కు ఎదురుగా ‘పని’ నిలుచును. ‘ఆడుకొనుచున్నాడు’ అనగా ‘పని మానినాడు’ అని పెద్దల చెవికి వినబడును. బాలునకు అది నేరము కాదు. ఇరువది రెండేండ్ల కూలికి అది నేరము. ఆ తండ్రి చెవి ఆ నేరమును పట్టుకొన్నది. నా చెవి పట్టుకొనలేదు.

సంస్కృతమునకు పోయినచో కరవు లేదు. ఆటను గూర్చి ‘హోమో లూడెన్స్’ (1938) రచించిన హయిజింగా (ఈయనయు డచ్చివాడే) సంస్కృతమున ఆటకు ఒక్క ధాతువు గాక పలు ధాతువులున్నవని ఒక అధ్యాయమున చర్చించెను. ‘క్రీడ్’ పిల్లల, పెద్దల, జంతువుల ఆటకేగాక గాలి, అలల కదలికకును చెల్లును. ‘దివ్’ ధాతువునకు ధాతుపాఠము చెప్పు పది అర్థములలో మొదటిది క్రీడయే. అందుండియే ‘దేవుడు’ను వచ్చెను, ‘ద్యూతము’ను వచ్చెను. ‘లస్’ నుండి విలాసము, ఉల్లాసము. ఇక ‘లీల’ బ్రహ్మసూత్రములదాక ఎక్కినది. సృష్టికి ప్రయోజనమేమి అను ప్రశ్నకు బాదరాయణుడు చెప్పిన సమాధానము ఆ మాటయే. ఇంత ధనముండియు మనము దరిద్రులమెట్లైతిమనిన, ఈ మాటలు తెలుగులో కాపురముండి తమ తమ స్థానములను చూచుకొన్నవి. లీల దేవునిది. కేళి ప్రబంధ నాయికానాయకులది; జలకేళి, వనకేళి అని అష్టాదశ వర్ణనలలో దానికి పీట వేసితిమి. క్రీడ నేడు ప్రభుత్వమువారిది; క్రీడాశాఖ, క్రీడాప్రాంగణము, క్రీడాకారుడు. కార్ఖానా ఆవరణలో జీతము పెరుగునని గెంతిన కుఱ్ఱవానికి ఈ మూటిలో ఏదియు సరిపోదు.

సరిపోవునవి మన నోటి మాటలు. చెంగనాలు, గంతులు, కేరింతలు, తుళ్లింత, చిందులు. వీనిలో ‘చిందు’ను ఒక క్షణము పరికింపవలెను. పాలు చిందును, నెత్తురు చిందును, నవ్వులు చిందును. తెలంగాణమున చిందు భాగవతులు చిందువేయుదురు. పాత్ర నిండి అంచు దాటిన ద్రవమునకును, ఒడలు నిండి కాళ్లలోనికి దిగిన సంతోషమునకును మన చెవికి ఒక్కటే ధ్వని. ‘పొంగిపోయెను’ అన్నను అదే భావన. ఇటాలియనుడు ఎగిరినప్పుడు కాలిని చూచెను, లాటినువాడు మేకను చూచెను; తెలుగువాడు పొయ్యిమీది పాలను చూచెను. ఈ పోలిక డచ్చివాని ‘వ్రో’కు మిక్కిలి దగ్గర. లోపల నిండినది గనుక వెలుపలికి వచ్చినది. పొంగిన పాలను ఎవరును తప్పుపట్టరు. తప్పు ఏదైన నున్న అది మంట పెట్టినవారిది.

మిల్టను ‘లెలెగ్రో’లో వసంతపు గాలికి ఫ్రాలిక్ అను విశేషణము నిచ్చెను. దీనిని తెనిగింపుమని నన్నొకరు అడిగిరి. ‘ఉల్లాస పవనము’ వంటివి మనస్సున మెదలి సిగ్గు కలిగించినవి. తెలుగువారు ఎప్పుడో ‘పిల్లగాలి’ అని పెట్టుకొన్నారు గదా! అందు ‘పిల్ల’ యనగా చిన్నది యని వ్యాకరణము చెప్పును. కాని వినువాని చెవికి అందొక పసిపాప పరుగెత్తును. వ్యాకరణముకంటె ఈ విషయమున చెవినే నేను నమ్ముదును.

‘అల్లరి’ సంగతి వేరు. అది చూచువాని మాట. తల్లి నోట ‘అల్లరి పిల్లవాడు’ అనునది ముద్దు. ఉపాధ్యాయుని నోట ఫిర్యాదు. పత్రికలో బహువచనమై ‘అల్లర్లు’ అయినచో పోలీసులు వచ్చిరని అర్థము. ఒకే మాట ఒడినుండి ఠాణా వరకు నడచిపోయినది. ఫ్రాలిక్ కూడ ఆంగ్లమున ఇట్టి నడకయే నడచినది.

ఈ నడకను మనవారు ఎరుగనిది కాదు. ఆదిపర్వమున భీముని బాల్యమును తలచుకొనుడు. ధార్తరాష్ట్రులను జుట్టుపట్టి ఈడ్చును. నీటిలో ముంచి ఊపిరాడనీయక పైకెత్తును. వారు చెట్టెక్కి పండ్లు కోయుచుండ మ్రాను కదలించి, పండ్లతోపాటు వారిని కూడ రాల్చును. వ్యాసుడు ఇదియంతయు చెప్పి, ఇది బాల్యముచేత చేసినదేగాని ద్రోహబుద్ధితో కాదని స్పష్టముగా తీర్పు చెప్పినాడు. నన్నయ్య కూడ ఈ ఘట్టమును తెలుగున నిలిపెను. కాని క్రిందపడినవాడు దుర్యోధనుడు. అతడు ఆ తీర్పును అంగీకరింపలేదు. అతనికి అది ఆట కాదు, బలప్రదర్శనము. దానికి బదులు విషము. ఆ విషము పెట్టిన తావేది? గంగయొడ్డున ప్రమాణకోటి. ఏ మిషతో పిలిచెను? జలక్రీడ! నిజమైన తుళ్లింతకు ద్రోహమని పేరు పెట్టినవాడే, నిజమైన ద్రోహమునకు క్రీడ యని పేరు పెట్టెను. మహాభారతవైరమునకు బీజము భూమి యందురు, ద్రౌపది యందురు. నా కంటికి ఈ పేరుపెట్టుటలోనే మొదటి మొలక కనబడుచున్నది.

దశమస్కంధమున గోపబాలురు చేయునది దీనికి ఎదురు. కప్పలతో కలిసి గెంతుదురు, పక్షుల నీడలవెంట పరుగెత్తుదురు, కోతుల తోకలు లాగుదురు. పోతన కలమున ఆ పిల్లల సందడి చదువరులకు కొత్త కాదు. అచ్చట దానిని చూచి పేరు పెట్టు దుర్యోధనుడు లేడు; కనుక అది తుది వరకు సంతోషముగనే మిగిలినది. ఇచ్చట ఒక చిన్న ముచ్చట. ఆంగ్లమున ‘ఫ్రాలిక్’ను ‘ఫ్రాగ్’ను, అనగా కప్పను, ‘గెంతు’ అను అర్థముగల ఒకే ప్రాచీన మూలమునకు చేర్చు భాషావేత్తలు కలరు. నిశ్చయమని చెప్పుటకు వీలులేదు. నిశ్చయమైనచో గోపబాలురు గెంతినది తమ జ్ఞాతులతోనే.

ఇక న్యాయస్థానము. కార్ఖానావారి లేఖలో ఆ మాట ఊరక పడలేదు. 1834లో లండనున జోయెల్, మోరిసన్‌ల వ్యాజ్యము జరిగినది. వీధి దాటుచున్న మనిషిని ఒక గుఱ్ఱపుబండి క్రిందపడవైచినది. బండి తోలినవాడు సేవకుడు, యజమాని పరిహారమీయవలెనా? పార్క్ అను న్యాయమూర్తి చెప్పినది ఇది: యజమాని పనిమీద నుండి సేవకుడు కొంత దారి తప్పినను యజమానిదే బాధ్యత, యజమాని పని ఏమియు లేక కేవలము తన సొంత ‘ఫ్రాలిక్’మీద పోయినచో బాధ్యత లేదు. ఆ వ్యాజ్యమున గెలిచినది దెబ్బతిన్నవాడే. అనగా ఆ బండివాని విషయమున ఫ్రాలిక్ జరుగనే లేదు. అది న్యాయమూర్తి ఊహించి చెప్పిన ఉదాహరణము. అయినను ఆ ఊహయే సుమారు రెండువందల యేండ్లుగా న్యాయవాదుల నాలుకపై నిలిచినది. విలియం గాడిస్ దానినే శీర్షికగా పెట్టి వ్యాజ్యములపై ఒక పెద్ద హాస్యనవల వ్రాసి 1994లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు పొందెను. ఒక మాట తన పుట్టింటి సంతోషమును మరచి ఎంత దూరము పోగలదో చూచితిరా! అచ్చట ఫ్రాలిక్ యనగా సంతోషము లేదు, గెంతు లేదు. ‘నీ పనిలో లేడు’ అను ఒక్క అర్థమే మిగిలినది.

అంతేకాదు. పార్క్ చెప్పినది సేవకుడు దారిని పోవువానికి చేసిన హానిని గూర్చి. కూలికే దెబ్బ తగిలినప్పుడు మన దేశమున నాడు చూడవలసి యుండినది 1923 నాటి పరిహార చట్టము. అందలి ప్రశ్న వేరు: ప్రమాదము ఉద్యోగకాలమున, ఉద్యోగకారణమున కలిగినదా కాదా అని. లేఖ వ్రాసినవారు ఒక ఇంటి మాటను తెచ్చి ఇంకొక యింటి తలుపునకు తాళము వేసిరి. నేను న్యాయవాదిని కాను. కాని మాట ఎచ్చటనుండి ఎచ్చటికి దొంగతనముగా జరిగినదో చెప్పుట విమర్శకుని పనియే.

ఈ న్యాయార్థమునకు సరిగా వ్యతిరేకమైన అర్థము కూడ ఆంగ్లముననే బ్రదికి యున్నది. అమెరికాలో ఆమిష్ అను క్రైస్తవశాఖవారు ఒకరి ధాన్యపుకొట్టమును లేపుటకు ఇరుగుపొరుగువారందరు కూడి చేయు పనిని ‘ఫ్రాలిక్’ అందురు. దూలములెత్తుట, మేకులు కొట్టుట, మధ్యాహ్నము అందరును కలిసి భుజించుట. అది శ్రమయే, చెమట ఓడ్చు శ్రమ. అయినను పేరు అది. మన ఊడ్పుల పాటలను, పడవ లాగువారి ‘ఐలేసా’ను ఎరిగిన వానికి ఇందు వింత లేదు. న్యాయవాదికి పని ముగిసినచోట ఫ్రాలిక్ మొదలగును. ఆమిష్ రైతునకు పనిలోనే ఫ్రాలిక్ ఉన్నది. ఈ రెంటిలో ఏది ఆ మాట పుట్టుకకు దగ్గరయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ పెద్దాయన తిరిగి వచ్చిన దినము హరేలీ పండుగ. ఛత్తీస్‌గఢ్ వారికి అది శ్రావణ అమావాస్య. మన లెక్కకు ఇంకను ఆషాఢమే. వీధిలో బాలురు గేడీలెక్కి, అనగా వెదురు కొయ్యకాళ్లెక్కి, నడుచుచున్నారు. మా ఎదుటి యింటి అరుగుపై నలుగురు బాలికలు ఫుగడీ ఆడుచున్నారు. గొంతుకూర్చుండి, కాళ్లు ముందునకొకటి వెనుకకొకటిగా మార్చుచు, వేగము పెంచుచు, అలసి కూలబడువరకు. మహారాష్ట్రమున ఫుగడి యనగా చేతులు పట్టుకొని గిరగిర తిరుగుట, మన ఒప్పులకుప్ప వంటిది; పేరు ఒక్కటే, ఆట వేరు. 2022లో ఈ రాష్ట్రప్రభుత్వము ‘ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్’ జరిపి గేడీ పరుగును, ఫుగడీని పోటీలలో చేర్చినది. మంచిదే. కాని గడియారము పట్టి లెక్కించిన ఫుగడీ క్రీడ యగును. అరుగుమీది ఫుగడీ మాత్రము ఫ్రాలిక్. ఆ నలుగురిలో ఇద్దరు తెలుగువారి పిల్లలు. వారు నవ్వినది ఏ భాషలోనో నాకు తెలియలేదు.

మేము ఇద్దరము కూర్చుండి సమాధానము వ్రాసితిమి. తెలుగు ప్రతిలో ‘ఆటలాడుచు’ కొట్టివేసి, ‘జీతము పెరుగునని విని సంతోషము పట్టలేక గెంతగా’ అని ఆయన మాటనే ఉంచితిని. అధికారులకు పంపవలసినది హిందీ ప్రతి. దానిని టైపు చేయువాడు నా వాక్యమును విని, చదువగల చక్కని హిందీలో ‘మస్తీ కర్తే హుయే’ అని కొట్టెను. నేడు ఎల్లరు వాడు మాటయే, తప్పేమియు లేదు. కాని పారసీకమున ‘మస్త్’ అనగా త్రాగి మత్తెక్కినవాడు. అవతలి న్యాయవాది ఏ నిఘంటువైనను తెరచినచో కుఱ్ఱవాడు త్రాగియుండెనని వాదింపవచ్చును. ‘ఖేల్‌తే హుయే’ అనిన మరల ఆటయే. చివరకు ‘ఖుషీ సే ఉఛల్ పడా’ అని, అనగా సంతోషముతో ఎగిరెనని, వ్రాయించితిని. టైపు చేయువాడు ఇంత చిన్న విషయమునకు ఇంత చర్చయా యని చూచెను. కాగితము పాడైనందుకు రెండవ ప్రతికి డబ్బు తీసికొనలేదు.

పెద్దాయన వేలిముద్ర వేయుటకు ముందు అడిగెను: “ఈ మాటకి మావోడిది తప్పన్నట్టా బాబూ, కాదన్నట్టా?”

“సంతోషించినాడన్నట్టు” అంటిని.

ఆయన క్షణము ఆలోచించి, బొటనవ్రేలు సిరాలో అద్దెను.